మంత్రి బతికుండగా రెండో మంత్రి రాదా? చదరంగంలో అపోహలు - వాస్తవాలు

అపోహ: బంటు చివరి గడికి చేరితే, అప్పటికే చచ్చిన పావుల్లో ఒకటి మాత్రమే వెనక్కి వస్తుంది.

ఇది ఎవరు పుట్టించారో గానీ, ఆర్బిటర్‌గా, అంటే ఆటకు రిఫరీగా, పిల్లల టోర్నమెంట్లకు వెళ్లినప్పుడల్లా ఎదురవుతూనే ఉంటుంది. గెలిచే ఆటలు దీనివల్లే చేజారుతున్నాయి.

వాస్తవం: చివరి వరుసకు చేరిన బంటును తీసేసి, ఆ గడిలో అదే రంగు మంత్రి, ఏనుగు, శకటు, గుర్రం... ఈ నాలుగింటిలో ఏదైనా పెట్టుకోవచ్చు. ఏవి చచ్చాయి, ఏవి బతికున్నాయి అన్నదాంతో సంబంధమే లేదు. ఎనిమిది బంట్లూ గట్టెక్కితే ఒకే ఆటగాడికి తొమ్మిది మంత్రులు కూడా ఉండొచ్చు. బంటు ఏ పావు గడికి చేరితే ఆ పావే అవ్వాలన్నది పాత పద్ధతుల్లోని మాట. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే నియమాల్లో అలాంటిదేమీ లేదు.

ఒక పాప ఆట నాకింకా కళ్లకు కట్టినట్టే ఉంది. బంటును చివరి గడిలోకి తోసింది. తర్వాత ఆ చెయ్యి పక్కనున్న పావుల మీద చాలాసేపు తచ్చాడింది. తన మంత్రి బోర్డు మీదే ఉంది మరి! చివరికి గుర్రాన్ని తీసి పెట్టింది. ఆట మధ్యలో ఆర్బిటర్ సలహా ఇవ్వకూడదు కాబట్టి చూస్తూ నిలబడ్డాను. ఆట డ్రా అయ్యాక, "రెండో మంత్రిని పెడితే తప్పంటారని భయమేసింది సార్" అంది. పాప తప్పేముంది? పెద్దవాళ్లు గట్టిగా చెప్పిందే నమ్మింది. పిల్లలకు ఏదైనా చెప్పేముందు ఫిడే నియమావళిలో మూడో ఆర్టికల్ తీసి చదవండి. పావుల కదలికలన్నీ అక్కడే ఉన్నాయి. "ఎవరో అన్నారు" అనే మాట బోర్డు దగ్గర చెల్లదు.

అపోహ: రెండో మంత్రి దొరక్కపోతే ఏనుగును తలకిందులుగా పెడితే సరిపోతుంది.

ఇంట్లో ఎలాగైనా ఆడుకోండి. టోర్నమెంట్‌లో తిరగేసిన ఏనుగు కూడా ఏనుగే. 2017 కెనడా చాంపియన్‌షిప్ టైబ్రేక్‌లో, అంటే సమంగా నిలిచినవాళ్ల మధ్య విజేతను తేల్చే ఆటలో, నికొలాయ్ నోరిట్సిన్ అనే ఆటగాడు ఇలాగే పెట్టాడు. ఆర్బిటర్ దాన్ని ఏనుగుగానే లెక్కగట్టారు. ఆ ఆటా పోయింది, టైటిలూ పోయింది. మంత్రి అందుబాటులో లేకపోతే గడియారం ఆపి ఆర్బిటర్‌ను పిలవండి. ఆ హక్కు మీకుంది, మొహమాటం అక్కర్లేదు. టెన్షన్‌లో బంటును మార్చకుండానే గడియారం నొక్కేస్తే అది చెల్లని ఎత్తు. బంటు స్థానంలో మంత్రినే పెడతారు గానీ, క్లాసికల్ (ఎక్కువ సమయం ఉండే) ఆటలో ప్రత్యర్థికి రెండు నిమిషాలు అదనంగా ఇస్తారు. చెల్లని ఎత్తు రెండోసారి వేస్తే మామూలుగా ఆటే పోతుంది.

అపోహ: ఎప్పుడైనా మంత్రినే చేసుకోవాలి.

దాదాపు ఎప్పుడూ అంతే, కానీ ఒక్క క్షణం చూసుకోండి. తెల్ల రాజు ఎఫ్6లో (ఎఫ్ నిలువు వరుసలో ఆరో గడి), తెల్ల బంటు ఎఫ్7లో, నల్ల రాజు హెచ్7లో ఉన్నాయి. బోర్డు మీద ఇంకేమీ లేవు, ఎత్తు తెల్లది. మంత్రిని చేస్తే నల్ల రాజుకు చెక్ లేదు, కదలడానికి గడీ లేదు. స్టేల్‌మేట్, డ్రా. అదే ఏనుగును చేస్తే నల్ల రాజు హెచ్6కి వెళ్లక తప్పదు. ఏనుగు హెచ్8కి వస్తే మేట్.

మిగతావి గబగబా చెప్పేస్తాను. వేరే ఎత్తు ఉన్నంతవరకు ఎదుటి పావును చంపి తీరాలనే నియమం లేదు. ఒకసారి చెక్ వచ్చినంత మాత్రాన క్యాస్లింగ్ (రాజును ఏనుగు వైపు రెండు గడులు జరిపి, ఏనుగును రాజు అవతల పెట్టే ఎత్తు) హక్కు పోదు, రాజు గానీ ఆ ఏనుగు గానీ కదిలితేనే పోతుంది. చెక్‌లో ఉన్నప్పుడు, రాజు దాటే గడి మీదో చేరే గడి మీదో దాడి ఉన్నప్పుడు మాత్రం కుదరదు. ఏనుగు మీద దాడి ఉంటే ఫర్వాలేదు. ఆం పాసాం (రెండు గడులు దూకి మన బంటు పక్కకు వచ్చిన ఎదుటి బంటును, ఒక గడే కదిలినట్టు చంపడం) వెంటనే తర్వాతి ఎత్తులోనే చేయాలి, ఆగితే పోయినట్టే. ఇక తన రాజుకు అడ్డుగా ఉండి కదల్లేని పావు చెక్ ఇవ్వలేదన్నది కూడా అబద్ధం. అది కదల్లేకపోయినా, దాని దాడిలో ఉన్న గడిలోకి ఎదుటి రాజు అడుగు పెట్టకూడదు.