దొంగ కనిపించాడు, మొహం కనిపించలేదు: బయటి సీసీ కెమెరాల మీద అపోహలు - వాస్తవాలు

ఖమ్మం చుట్టుపక్కల సీసీ కెమెరాలు బిగించే పని నాది. ఇళ్లు, కిరాణా షాపులు, రైస్ మిల్లులు, సీజన్‌లో మిర్చి కల్లాలు, ఏది వస్తే అది. ఫోన్ చేసినోళ్లు మొదట అడిగేది ఒకటే, "అన్నా, ఎన్ని మెగాపిక్సెల్ వేస్తావ్, నాలుగింటికి ఎంతవుద్ది?" నేను తిరిగి అడిగేది కూడా ఒకటే, "కెమెరా పెట్టే గోడ నుంచి గేటు ఎన్ని అడుగులు?" అంతే, అవతల సౌండ్ ఉండదు.

ఈ ప్రశ్న నాక్కూడా మొదట్నుంచీ తెలిసింది కాదు, ఒక చేదు అనుభవం తర్వాత వచ్చింది. ఒకాయన ఇంటి ముందు బైక్ పోయింది, పొద్దున్నే ఫోన్, పోయి ప్లేబ్యాక్ పెట్టి చూస్తే రాత్రి 2 దాటాక ఒకడు తాపీగా వచ్చాడు, బండి మీద కూర్చున్నాడు, హ్యాండిల్ లాక్ విరగ్గొట్టాడు, తోసుకుంటూ పోయాడు, మొత్తం ఉంది, మొహం మాత్రం పిండి ముద్దలాగా ఉంది. ఎస్సై గారు జూమ్ చెయ్యమంటారు, నేను చేస్తా, ముద్ద పెద్దదవుద్ది. ఆ కెమెరా బిగించింది నేనే. అప్పటి నుంచి టూల్ బ్యాగులో టేపు లేకుండా సైట్‌కి పోవట్లేదు.

అపోహ: మెగాపిక్సెల్ ఎక్కువుంటే మొహం క్లియర్‌గా వస్తది

సగం నిజం. మనిషిని గుర్తుపట్టడానికి సీన్‌లో ఒక మీటరు వెడల్పుకి 250 పిక్సెల్స్, అంటే బొమ్మలోని చుక్కలు, పడాలని మా ఫీల్డ్‌లో అంతర్జాతీయంగా వాడే లెక్క ఒకటుంది. ఆల్రెడీ తెలిసిన మనిషైతే 125 చాలు, ఎవరో ఉన్నారని తెలియడానికి 25 చాలు. 250 అంటే మనిషి మొహం మీద సుమారు 40 చుక్కలు పడ్డట్టు. ఇప్పుడు లెక్క చూడండి. 2 మెగాపిక్సెల్ కెమెరా బొమ్మ అడ్డంగా 1920 చుక్కలు. దానికి మామూలుగా వచ్చే 2.8 ఎంఎం లెన్సు వంద డిగ్రీల పైన చూస్తది, అంటే 10 అడుగుల దూరం వరకే ఆ 250 దొరుకుద్ది. గేటు 30 అడుగుల్లో ఉంటే మొహం మీద పడేవి 13 చుక్కలు. సరే 8 మెగాపిక్సెల్ కొందాం అంటారా, అదే లెన్సుతో 30 అడుగుల్లో 26 చుక్కలు. అదే మామూలు 2 మెగాపిక్సెల్ కెమెరా 8 ఎంఎం లెన్సుతో తీసుకుంటే అదే 30 అడుగుల్లో 40 దాటుతాయి, ఖర్చు కూడా తక్కువే. కాకపోతే అది గేటు, గేటు పక్కన కొంచెం, అంతే చూస్తది, వీధంతా చూడదు.

ఇక్కడే కస్టమర్‌కి నాకు గొడవ. "అన్నా, ఒక్క కెమెరాతో ఇల్లు, వీధి, ఎదురింటి అరుగు అన్నీ రావాలి." వస్తాయి, అన్నీ వస్తాయి, ఏదీ అక్కరకు రాదు. నేనైతే ఒకటి వెడల్పుగా చూసేది పెట్టి ఏం జరిగిందో దాంట్లో చూసుకోమంటా, ఇంకోటి ఎవడైనా తప్పకుండా దాటాల్సిన చోటు మీద, గేటు అయినా మెట్లయినా షట్టర్ అయినా, ఇరుగ్గా చూసేది పెడతా, ఎవరో అది చెప్పాలి. నాలుగు కెమెరాల బడ్జెట్ ఉంటే మూడే కొని మిగిలిన డబ్బు లెన్సు మీద, కేబుల్ మీద పెట్టమని చెప్తా. సరుకు తక్కువ అమ్మే షాపోడివి నువ్వొక్కడివే అని మా ఆవిడ తిడతది, అది వేరే విషయం.

అపోహ: ఎత్తులో పెడితే ఎవరూ పీకలేరు, సేఫ్

పీకలేరు, నిజమే. కానీ రెండో ఫ్లోర్ పిట్టగోడ మీంచి చూస్తే కనిపించేది నడినెత్తి, టోపీ, హెల్మెట్. మొహం కావాలంటే 8 నుంచి 10 అడుగుల ఎత్తు, కెమెరా మరీ కిందికి వాలకుండా. పీకుతారని భయముంటే ఐకే10 రేటింగ్ ఉన్న డోమ్ తీసుకోండి, దెబ్బలు ఓర్చుకునేలా చేస్తారు వాటిని. లేదా ఒక కెమెరాని ఇంకో కెమెరా చూసేలా పెట్టించుకోండి.

మా దగ్గర మనుషుల కంటే కోతులతో ఎక్కువ కష్టం అనుకోండి. బుల్లెట్ కెమెరా పట్టుకుని ఊగుతాయి, వేలాడే వైరు కనిపిస్తే లాగకుండా వదలవు. వైరు మొత్తం పైపులో, జాయింట్ మొత్తం బాక్సులో, బయటికి ఒక్క అంగుళం కూడా కనిపించకూడదు.

అపోహ: బాక్సు మీద నైట్ విజన్ 30 మీటర్లు అని రాసుంది కదా

30 మీటర్ల దాకా దాని ఐఆర్ లైటు, అంటే మన కంటికి కనిపించని వెలుగు, పోద్ది అని అర్థం, అక్కడున్నోడి మొహం తెలుస్తదని కాదు. రాత్రి సంగతి కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే దొంగతనాలు చాలా జరిగేదీ రాత్రే, కెమెరా కొనేటప్పుడు షాపులో డెమో చూసేదేమో పగలు.

చీకటి పడగానే కెమెరా బ్లాక్ అండ్ వైట్‌లోకి పోయి ఐఆర్ వెలిగిస్తది. ఐఆర్‌లో రంగులు నమ్మొద్దు, నల్ల షర్టు కొన్ని బట్టల్లో తెల్లగా కనిపిస్తది, ఎస్సై గారికి తెల్ల చొక్కా వాడని చెప్తే వేరేవాణ్ణి వెతుకుతారు. కెమెరా పక్కనే గోడ గానీ సన్‌షేడ్ గానీ ఉంటే ఆ లైటు దానికి తగిలి తిరిగొచ్చి బొమ్మంతా తెల్లగా పొగ పట్టినట్టు అవుద్ది, దూరంలో ఉన్నది చీకటైపోద్ది. రాత్రి కెమెరా దగ్గరికి పురుగులొస్తాయి, పురుగుల కోసం సాలీడు వస్తది, లెన్సు ముందు గూడు కడతది, ఇక రాత్రంతా తెల్లటి దారాలు ఊగుతూ ఉంటాయి, మొబైల్‌కి మోషన్ అలర్ట్‌లు వందల్లో. నెలకోసారి చీపురుతో బూజు దులపండి, ఈ చిన్న పని కోసం నన్ను పిలిచి విజిటింగ్ చార్జి ఇచ్చినోళ్లు చాలామంది ఉన్నారు.

ఇంకోటి, ఇది చాలామంది టెక్నీషియన్లు కూడా ముట్టుకోరు. చీకట్లో బొమ్మ వెలుగ్గా చూపించడానికి కెమెరా షట్టర్‌ని నెమ్మది చేస్తది. లైవ్‌లో చూస్తే అబ్బ ఎంత బాగుందో అనిపిస్తది, ఎందుకంటే గోడ కదలదు, కారు కదలదు. మనిషి నడిస్తే మాత్రం మొహం సాగిపోయి మసక మసకగా వస్తది. సెట్టింగ్స్‌లో ఎక్స్‌పోజర్ (షట్టర్ టైమ్) 1/50 సెకను కన్నా నెమ్మది కాకుండా ఆపితే బొమ్మ కొంచెం చీకటైనా మొహం నిలబడుద్ది. ఆ చీకటికి మందు గేటు దగ్గర ఒక మంచి ఎల్ఈడీ ఫ్లడ్ లైటు. రాత్రి కూడా కలర్ వస్తది అని అమ్మే కెమెరాలు మంచివే, కానీ వాటికీ ఎంతో కొంత వెలుగు కావాలి, అందుకే వాటికి తెల్ల లైటు పెట్టి ఇస్తారు. వీధి లైటు ఉన్న చోట బ్రహ్మాండం, చేను గట్టు మీద అంతంత మాత్రం.

రాత్రి బండి నంబర్ ప్లేట్ కావాలంటే అది ఇంకో కథ. హెడ్‌లైటు వెలుగులో మామూలు కెమెరాకి కనిపించేది రెండు తెల్ల గుండ్లు. ప్లేటు కోసం విడిగా ఒక కెమెరా, ఇరుకు లెన్సు, షట్టర్ బాగా ఫాస్ట్‌గా, కోణం తక్కువగా ఉండాలి, దాంట్లో మిగతా సీన్ నల్లగా ఉంటది. ప్లేటూ మనిషీ ఒకే కెమెరాలో రాత్రిపూట ఇస్తానని ఎవరన్నా అంటే రాత్రి డెమో అడగండి.

అపోహ: రాత్రి కెమెరా ఆగిపోతోందంటే కెమెరా పాడైనట్టు

పగలంతా బానే ఉంటది, ఏడు కాగానే ఆగి ఆగి వస్తది, వీడియో లాస్ అని పడుద్ది. ఈ కంప్లైంట్‌లో కెమెరా తప్పు చాలా తక్కువ. రాత్రి ఐఆర్ లైట్లు వెలగ్గానే కరెంటు ఎక్కువ లాగుద్ది, సన్న వైరులో అంత దూరం వచ్చేసరికి 12 వోల్టులు కాస్తా తగ్గిపోయి కెమెరా రీస్టార్ట్ అయితది. చవక 3+1 కేబుల్లో (కరెంటు, వీడియో వైర్లు కలిసొచ్చేది) రాగి అని అమ్మేది చాలాసార్లు పైన రాగి పూత, లోపల అల్యూమినియం. బ్లేడుతో గీకి చూడండి, లోపల తెల్లగా ఉంటే అదే. ఐపీ కెమెరాలకి, అంటే నెట్‌వర్క్ వైరు మీద నడిచేవాటికి, పీఓఈ స్విచ్ పెడితే కరెంటూ వీడియో ఒకే క్యాట్6 వైరులో పోతాయి, 100 మీటర్ల దాకా ఢోకా లేదు, కానీ అక్కడ కూడా వైరు అసలు రాగిదే కావాలి.

అపోహ: వైఫై కెమెరా అయితే వైర్లే ఉండవు

డేటా వైరు ఉండదు, కరెంటు వైరు ఉంటది కదా. పైగా రౌటర్ హాల్లో, కెమెరా ప్రహరీ గోడ మీద, మధ్యలో రెండు గోడలు, సిగ్నల్ ఒక పుల్లకి వస్తది. కరెంటు పోతే రౌటర్ కూడా పోద్ది, ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు, టీవీ పెట్టుకుంటారు గానీ రౌటర్, రికార్డర్ పెట్టుకోరు, ముందు అవి పెట్టించండి. అద్దె ఇంట్లో ఉండేవాళ్లకి, గుమ్మం దగ్గర ఒక్కటి చాలనుకునేవాళ్లకి వైఫై కెమెరా ఓకే, మంచి మెమరీ కార్డు వేసుకోండి. షాపుకి, గోడౌన్‌కి మాత్రం వైరే వెయ్యండి.

పొలం దగ్గర మోటారు, కల్లంలో మిర్చి కోసం సిమ్ వేసే సోలార్ కెమెరాలు అడుగుతున్నారు ఈమధ్య. పనికొస్తాయి, వద్దనను. కానీ బ్యాటరీ మీద నడిచేవి చాలావరకు ఇరవైనాలుగు గంటలు రికార్డు చెయ్యవు, మనిషి వేడి తగిలితే నిద్ర లేస్తాయి, లేచేసరికి ఒకటి రెండు సెకన్లు పోద్ది, బండి మీద సర్రున పోయేవాడి వీపే దొరుకుద్ది. మబ్బు పట్టిన రోజులు వరసగా వస్తే బ్యాటరీ దిగిపోద్ది. కొనేముందు మీ చేలో ఆ కంపెనీ సిమ్‌కి నెట్ వస్తదా లేదా ఫోన్‌లో వేసి చూడండి.

అపోహ: ఐపీ67 అంటే నీళ్లలో వేసినా ఏం కాదు

దుమ్ము, నీళ్లు లోపలికి పోవని ఇచ్చే రేటింగ్ అది, మీటరు లోతు నీళ్లలో అరగంట దాకా కెమెరా బాడీకి ఏం కాదు. దాని తోక చివర ఉన్న కనెక్టర్‌కి ఆ రేటింగ్ లేదు. వానాకాలంలో నా దగ్గరికొచ్చే డెడ్ కెమెరాల్లో ఎక్కువ అక్కడే చిలుం పట్టి పోతాయి. జంక్షన్ బాక్సు వెయ్యమనండి, దాని కోసం బేరం ఆడకండి.

అపోహ: నెల రోజుల రికార్డింగ్ దానంతటదే ఉంటది

హార్డ్ డిస్క్ ఎంత ఉంటే అంతే. ఒక కెమెరా 4 ఎంబీపీఎస్‌లో (సెకనుకి 4 మెగాబిట్లు) రాస్తుంటే రోజుకి 43 జీబీ. నాలుగు కెమెరాలకి 1 టీబీ ఆరు రోజులు కూడా రాదు. వీడియోని ఇంకా కుదించే హెచ్.265 పెట్టి 2 ఎంబీపీఎస్‌కి తెచ్చినా పదకొండు రోజులు. నెల కావాలంటే 4 టీబీ తీసుకోండి, అది కూడా సర్వైలెన్స్ కోసం చేసిన డిస్కు, పాత కంప్యూటర్‌లోంచి పీకింది కాదు. దొంగతనం వెంటనే తెలిస్తే సరే, ఊరికి పోయి పదిహేను రోజులకి వచ్చి తాళం పగిలుందని చూసుకునేవాళ్లకి ఈ లెక్కే ముఖ్యం. షాపింగ్ మాల్, ఫంక్షన్ హాల్ లాంటి జనం బాగా వచ్చే చోట్లకి ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన పబ్లిక్ సేఫ్టీ చట్టం ప్రకారం 30 రోజులు దాచడం రూలు కూడా.

అపోహ: మన ఇంటి కెమెరా ఎవడు హ్యాక్ చేస్తాడు

ఎవడూ మిమ్మల్ని వెతుక్కుంటూ రాడు, ప్రోగ్రామ్ వెతుకుద్ది. 2016లో మిరాయ్ అనే మాల్వేర్, కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్ మార్చని కెమెరాలు, డీవీఆర్‌లు (రికార్డర్లు), రౌటర్లు లక్షల్లో పట్టుకుని, ఆ అక్టోబర్‌లో అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి చాలామందికి తెరుచుకోకుండా చేసింది. పాస్‌వర్డ్ మార్చండి, బిగించిన నాకు కూడా తెలియనివ్వకండి. ఇంకో విషయం, 2025 ఏప్రిల్ 9 నుంచి మన దేశంలో సీసీ కెమెరాలకి కేంద్రం సెక్యూరిటీ టెస్టు తప్పనిసరి చేసింది, దాన్ని చూసే ప్రభుత్వ సంస్థ పేరు ఎస్‌టీక్యూసీ. ఆ సర్టిఫికెట్ ఉందా అని అడగండి. పేరూ ఊరూ లేని బాక్సు సగం ధరకి వస్తోందంటే కారణం ఉంటది.

అపోహ: ఫుటేజ్ ఉంటే కేసు గెలిచినట్టే

ముందు రికార్డర్‌లో టైమ్ చూడండి. లోపల చిన్న బటన్ సెల్ అయిపోయి కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గడియారం ఎక్కడికో పోయినవి నేను చాలా చూశా, దొంగతనం నిన్న, ఫుటేజ్ మీద డేట్ ఎప్పటిదో. టీవీ ముందు ఫోన్ పట్టుకుని తీసిన వీడియో వాట్సాప్‌లో తిప్పడానికే, పెన్‌డ్రైవ్‌లోకి ఒరిజినల్ ఫైలు బ్యాకప్ తీయండి, అదీ పైన కొత్తది రాయబడక ముందే. కోర్టుకి పోతే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, అది రెండు భాగాలు, ఒకటి సిస్టమ్ మీ చేతిలో ఉన్నందుకు మీరు ఇచ్చేది, రెండోది ఎక్స్‌పర్ట్ ఇచ్చేది, ఫైలు మారలేదని చూపించే హ్యాష్ విలువ కూడా రాయాలి. అందుకే డీవీఆర్ బాక్సు, బిల్లు పారెయ్యకండి.

పక్కింటోళ్ల కిటికీ, బాత్రూమ్ వెంటిలేటర్ మీ కెమెరాలో పడితే సెట్టింగ్స్‌లో ప్రైవసీ మాస్క్ అని ఉంటది, ఆ ముక్క నల్లగా మూసెయ్యొచ్చు. నేనైతే అడక్కుండానే చేసి పక్కింటోళ్లని పిలిచి చూపిస్తా, తర్వాత పంచాయితీకి నన్నే పిలుస్తారు కదా.

ఇక పని అయిపోయాక లైవ్ బొమ్మ చూసి డబ్బులిచ్చెయ్యకండి. రాత్రి పదింటికి వీధిలో లైట్లు ఎప్పుడూ ఎలా ఉంటాయో అలాగే ఉంచి, ఇంట్లో ఎవరో ఒకర్ని గేటు తీసుకుని మామూలు నడకతో లోపలికి రమ్మనండి, తర్వాత ప్లేబ్యాక్‌లో ఆపి ఆ మొహాన్ని వాళ్లని ఎప్పుడూ చూడని మనిషికి చూపించండి, నలుగురిని నిలబెడితే వాళ్లలో ఎవరో చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ బిగించినోణ్ణి, అది నేనైనా సరే, పొద్దున్నే నిచ్చెన తీసుకుని రమ్మనండి.