ఇంజన్ ఆయిల్ పోటీల్లో గెలుపును ఎంతవరకు నమ్మవచ్చు?

రెండు కంపెనీల ఇంజన్ ఆయిళ్లను ఒక చిన్న యంత్రంలో పోసి, మీటకు బరువులు వేలాడదీసి, ఏది ముందు చేతులెత్తేస్తుందో చూపించే వీడియో ఒకటి పంపి, గెలిచిన ఆయిల్‌నే తన కారులో పోయించుకోవచ్చా అని ఒక పాఠకుడు అడిగారు. అవుననో కాదనో చెప్పే ముందు ఆ యంత్రంలో నిజంగా ఏం జరుగుతోందో చూడాలి. ఆయిల్ డబ్బా మీది రాతలకంటే ఆ విషయమే ఎంతో ఆసక్తికరమైనది.

యంత్రంలో మోటారుతో తిరిగే ఉక్కు వలయం ఒకటి ఉంటుంది. దాని అడుగుభాగం ఆయిల్ పోసిన చిన్న తొట్టెలో మునిగి ఉంటుంది. మీటకు తిరగకుండా బిగించిన ఒక చిన్న ఉక్కు రోలర్ ఆ వలయాన్ని నొక్కుతుంది. బరువులు పెంచుతూ పోతే ఒక దశలో లోహం లోహాన్ని పట్టేసి మోటారు ఆగిపోతుంది. ఎక్కువ బరువు మోసిన ఆయిల్ గెలిచినట్టు లెక్క.

ఇక్కడ చూడవలసింది బరువును కాదు, ఆ బరువు పడుతున్న వైశాల్యాన్ని. మొదటి క్షణంలో రెండు లోహాలూ తాకే చోటు మిల్లీమీటరులో చిన్న భాగమే కాబట్టి పీడనం విపరీతంగా ఉంటుంది. వలయం తిరుగుతున్నకొద్దీ రోలర్ మీద అరుగుడు మచ్చ ఏర్పడి పెరుగుతుంది. మచ్చ అడ్డమూ నిడివీ రెట్టింపైతే వైశాల్యం నాలుగింతలవుతుంది, అదే బరువు కింద పీడనం నాలుగోవంతుకు పడిపోతుంది. అంతటితో ఆగదు. మచ్చ వలయం వంపుకు సరిగ్గా అమరిన గుంటగా మారిన తర్వాత, తిరిగే వలయం తనతోపాటు ఆయిల్‌ను ఆ ఇరుకు సందులోకి లాక్కుపోతుంది. సందు సన్నబడేకొద్దీ ఆయిల్‌లో ఒత్తిడి పెరిగి, ఆ పొరే రోలర్‌ను పైకెత్తి పట్టుకుంటుంది. అంటే పోటీ మొదలైన కాసేపటికి ఆ యంత్రం తనంతట తానే ఒక చిన్న బేరింగ్‌గా మారిపోతుంది. అప్పటినుంచి ఎన్ని బరువులు వేలాడదీసినా చాలావరకు మోసేది ఆ గుంట ఆకారమే. తొలి క్షణాల్లో లోహాన్ని బాగా అరగదీసిన ఆయిలే చివరికి ఎక్కువ బరువు మోసే అవకాశం కూడా ఉంది! తక్కువ బరువుతో కాసేపు తిరగనిచ్చి ఆ తర్వాత బరువులు పెంచే వ్యక్తి చేతిలో ఒక ఫలితమూ, ఒక్కసారిగా బరువులు వేసే వ్యక్తి చేతిలో మరో ఫలితమూ వస్తాయి. ఆయిల్ మాత్రం రెండుసార్లూ ఒక్కటే.

దీనికి రసాయనం తోడైతే పరిస్థితి మరింత చిక్కుపడుతుంది. క్లోరిన్ కలిపిన పారాఫిన్లను ఆయిల్‌లో కలిపితే, రాపిడి వేడికి క్లోరిన్ ఇనుముతో చర్య జరిపి, సులువుగా జారిపోయే ఐరన్ క్లోరైడ్ పొరను ఏర్పరుస్తుంది. లోహాన్ని కోసే యంత్రాలలో వాడే ద్రవాలకు ఇది ఎంతో పనికొచ్చే గుణం. ఇంజన్‌లో మాత్రం ఇంధనం మండగా పుట్టే నీటి ఆవిరితో కలిసి అదే క్లోరిన్ హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి దారి తీసి బేరింగులను తినేస్తుంది. ఈ యంత్రం మీద అది ఆయిళ్లన్నింటినీ ఓడించగలదు, ఎందుకంటే తుప్పు పట్టడానికి పట్టేంత కాలం ఈ పోటీ సాగదు. ఇంజన్ ఆయిళ్లలో దశాబ్దాలుగా అరుగుదలను ఆపుతున్న జింక్, ఫాస్ఫరస్, గంధకాల సమ్మేళనం తీరు వేరు. అది వేడికీ రాపిడికీ లోనైన చోట నెమ్మదిగా, నానోమీటర్లలో కొలవదగిన ఫాస్ఫేట్ గాజు పొరను పేర్చుతుంది. చల్లని తొట్టెలో కొద్ది నిమిషాల పోటీ దానికి తన పని చూపించే అవకాశమే ఇవ్వదు.

ప్రయోగశాలల్లో దీనికంటే క్రమబద్ధమైన నాలుగు గుండ్ల పరీక్ష ఉంది. అమెరికాకు చెందిన ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం రూపొందించిన డీ 4172 అనే ప్రమాణం ప్రకారం 12.7 మిల్లీమీటర్ల ఉక్కు గుండ్లు మూడింటిని కదలకుండా బిగించి, వాటి మీద నాలుగో గుండును 40 కిలోల బరువుతో, 75 డిగ్రీల సెల్సియస్ వద్ద, నిమిషానికి 1200 చుట్ల వేగంతో గంటసేపు తిప్పి, కింది గుండ్ల మీది మచ్చల వ్యాసాన్ని సూక్ష్మదర్శినితో కొలుస్తారు. ఒక ఆయిల్‌కు 0.40 మిల్లీమీటర్లు, మరొకదానికి 0.50 వచ్చిందనుకుందాం. గుండు మీద అరిగిన లోహపు ఘనపరిమాణం మచ్చ వ్యాసపు నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, రెండోది దాదాపు 2.4 రెట్లు ఎక్కువ లోహాన్ని అరగనిచ్చినట్టు. ప్రకటనకు ఇంతకంటే మంచి అంకె దొరకదు. అయితే ఒకే ఆయిల్‌ను, ఒకే యంత్రం మీద, ఒకే వ్యక్తి రెండుసార్లు పరీక్షించినా ఫలితాల్లో 0.12 మిల్లీమీటర్ల వరకు తేడా రావచ్చని, వేర్వేరు ప్రయోగశాలల మధ్య అది 0.28 వరకు ఉండవచ్చని ఆ ప్రమాణమే చెబుతోంది. అంటే మనం చూసిన 0.10 తేడా ఆయిళ్ల మధ్య ఉన్నదని చెప్పడానికి ఆధారమే లేదు. పైగా ఆ గుండ్ల మధ్య మొదటి పీడనం సుమారు 3.4 గిగాపాస్కల్స్, అంటే 3,400 మెగాపాస్కల్స్. కారు ఇంజన్‌లో ప్రధాన ఇరుసును మోసే క్రాంక్ బేరింగులు పనిచేసేది కొన్ని పదుల మెగాపాస్కల్స్ దగ్గర.

ఆయిల్‌ను పొయ్యి మీద బాండీలో కాచి రంగు చూపించే పరీక్షలు, ఫ్రీజర్‌లో పెట్టి వంపి చూపించేవి, రెండు వేళ్ల మధ్య రుద్ది జిగట చూసేవి ఇంతకంటే బలహీనమైనవి. వీటితోపాటు మన గ్యారేజీలలో పాతుకుపోయిన ఒక అపోహను కూడా వదిలించుకోవాలి. నల్లబడిన ఆయిల్ చెడిపోయిందని చాలామంది నమ్ముతారు. డీజిల్ ఇంజన్‌లో ఆయిల్ త్వరగా నల్లబడటానికి కారణం, అందులోని రసాయనాలు మసిని గడ్డకట్టనీయకుండా తమలో తేలియాడేలా పట్టి ఉంచడమే. నలుపు చాలావరకు ఆయిల్ పనిచేస్తోందనడానికే గుర్తు.

నమ్మదగిన పరీక్ష ఎలా ఉంటుందో చూడాలంటే, ఇంజన్ భాగాల అరుగుదలను కొలవడానికి ఆయిల్ పరిశ్రమ చాలాకాలం వాడిన సీక్వెన్స్ 4ఏ పరీక్షను తీసుకోవాలి. నిజమైన నిస్సాన్ 2.4 లీటర్ల ఇంజన్‌ను చాలావరకు ఐడ్లింగ్‌లోనే 100 గంటలు నడిపి, వాల్వులను తెరిచే ఇరుసైన క్యామ్‌షాఫ్ట్ మీది 12 లోబులలో (ఉబ్బెత్తు భాగాలలో) ఒక్కోదాన్ని ఏడు చోట్ల కొలిచేవారు. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చేది కొలతల సంఖ్య కాదు. ఇలాంటి పరీక్షలు చేసే కేంద్రానికి అప్పుడప్పుడు సంకేతాక్షరాలు మాత్రమే ఉన్న ప్రామాణిక ఆయిళ్లు వస్తాయి. అవి మంచివో చెడ్డవో పరీక్షించేవారికి తెలియదు. ఆ ఆయిళ్లకు రావలసిన ఫలితం రాకపోతే ఆ యంత్రం మీద చేసే పరీక్షలు చెల్లవు. తూనికలు కొలతల శాఖ ముద్ర లేని రాయితో తూచిన సరుకును నమ్మకూడదన్న నియమమే ఇక్కడా పనిచేస్తోంది.

వినియోగదారుల తరఫున జరిగిన పెద్ద ప్రయత్నం కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక 1996 జూలైలో ప్రచురించినది. న్యూయార్క్‌లో 75 ట్యాక్సీలకు విప్పి బాగుచేసి మళ్లీ బిగించిన ఇంజన్లను అమర్చి, రకరకాల ఆయిళ్లతో ఒక్కోదాన్ని 60,000 మైళ్లు నడిపి, విప్పి కొలిచారు. ఆయిళ్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఒకటి రెండు కార్లతో ముగించకుండా ఇన్ని నడపడం వల్ల ఆ ఫలితానికి బరువు వచ్చింది. అయితే రోజంతా తిరిగే ట్యాక్సీ ఇంజన్ చల్లబడేది అరుదు. పొద్దున్నే రెండు కిలోమీటర్లు వెళ్లి ఆగిపోయే కారుకు ఆ ఫలితాన్ని యథాతథంగా అంటగట్టలేము.

కాబట్టి ఆ పాఠకుడికి నా జవాబు కాదనే. వీడియో చేసినవారు ఒకే ఆయిల్‌ను పేర్లు కనిపించని రెండు సీసాలలో పోసి, పరీక్షించే వ్యక్తికి తెలియకుండా పదేపదే పరీక్షించి, ఆ ఫలితాలన్నీ చూపిస్తే అప్పుడు మళ్లీ ఆలోచించవచ్చు. అంతవరకు కారు మాన్యువల్‌లో రాసిన గ్రేడు (ఆయిల్ చిక్కదనం), ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ఇచ్చే నాణ్యత తరగతి చూసి, రెండూ సరిపోయిన ఏ ఆయిల్‌నైనా చెప్పిన గడువులో మార్పించుకోండి.