గర్భిణి రిపోర్టులో ‘నార్మల్’ అంటే ఏమిటి? బీపీ, రక్తపరీక్షలపై అపోహలు – వాస్తవాలు

తిరుపతిలో ఒక ల్యాబులో బయోకెమిస్ట్రీ డాక్టరుగా పనిచేస్తున్నాను. మనుషుల ముఖాలకంటే వాళ్ల రక్తం గొట్టాలనే ఎక్కువగా చూస్తాను. బీపీ ఉన్న గర్భిణుల రిపోర్టుల కోసం చంద్రగిరి, పుత్తూరు, శ్రీకాళహస్తి నుంచి వచ్చేవాళ్లు కౌంటరు దగ్గర అనే మాటలే ఈ అపోహలు.

అపోహ: అంకెలన్నీ హద్దుల్లోనే ఉన్నాయి, భయం లేదు.

నాకు అన్నిటికంటే భయం కలిగించే మాట ఇదే. రిపోర్టులో పక్కన అచ్చయ్యే హద్దులు చాలాచోట్ల గర్భం లేనివారివి. గర్భంతో ఉన్నప్పుడు మూత్రపిండాలు ఎక్కువ రక్తాన్ని వడకడతాయి కాబట్టి రక్తంలో ఉండే క్రియాటినిన్ అనే వ్యర్థం తగ్గి, 0.4 నుంచి 0.8 మధ్య ఉంటుంది. 1.0 వస్తే కాగితానికి అది నార్మలే, నాకు కాదు. బీపీతో పాటు 1.1 దాటితే ప్రీఎక్లాంప్సియా, అంటే గర్భంలో బీపీ పెరిగి మూత్రపిండాలు, కాలేయం వంటివి దెబ్బతినే జబ్బు, తీవ్రమైందని లెక్క. మన పెద్దలు గుర్రపువాతం అనే మూర్ఛలకు ముందు మెట్టు అదే.

హిమోగ్లోబిన్ సంగతీ అంతే. 10.5 ఉన్నది రెండు వారాల్లో 13కి ఎగబాకితే ‘రక్తం బాగా పట్టింది’ అని ఇంట్లో సంబరపడతారు. బీపీ ఉన్న గర్భిణిలో నేను ముందు అనుమానించేది వేరు: రక్తనాళాల్లోంచి నీరు బయటికి జారి రక్తం చిక్కబడి ఉండవచ్చు. మరోపక్క కాలేయం పరీక్షల్లో కనిపించే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము చివరి నెలల్లో రెట్టింపైనా కంగారు పడనవసరం లేదు. మాయ కూడా దాన్ని తయారుచేస్తుంది.

అపోహ: యూరిక్ యాసిడ్ పెరిగింది, పప్పు మాన్పించాలి.

ప్రీఎక్లాంప్సియాలో అది పెరిగే మాట నిజమే. కానీ నిర్ధారణ ప్రమాణాల్లో దానికి చోటు లేదు. పప్పు, వేరుశనగలు మాన్పిస్తే జబ్బు ఆగదు, ఆ తల్లికి మాంసకృత్తులు తగ్గుతాయి.

అపోహ: మూత్రంలో ప్రోటీన్ లేదు కాబట్టి ఇది ఉత్త బీపీయే.

ప్రీఎక్లాంప్సియా అనాలంటే మూత్రంలో ప్రోటీన్ ఉండి తీరాలన్న షరతును 2013లో అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం సడలించింది. బీపీ ఉండి, ప్రోటీన్ లేకపోయినా, ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు) లక్షకంటే తగ్గినా, కాలేయం ఎంజైములు రెట్టింపైనా ప్రీఎక్లాంప్సియాగానే చూస్తారు.

అపోహ: పోయిన వారమే పరీక్ష చేయించాం, మళ్లీ ఎందుకు? డబ్బులకే.

ప్లేట్‌లెట్లు నాలుగు రోజుల్లో 2.4 లక్షల నుంచి 1.6 లక్షలకు జారాయనుకోండి. రెండూ హద్దుల్లోనే ఉన్నాయి, జారుడు మాత్రం మంచిది కాదు. అవి లక్షకంటే తగ్గి, కాలేయం ఎంజైములు పెరిగి, కణాలు పగిలితే రక్తంలోకి వచ్చే ఎల్‌డీహెచ్ అనే ఎంజైము 600 దాటితే అది హెల్ప్ సిండ్రోమ్, అంటే ప్రీఎక్లాంప్సియాలో ప్రమాదకరమైన రూపం. అప్పుడు పొట్ట పైభాగంలో కుడివైపు వచ్చే నొప్పిని గ్యాస్ అనుకుని మాత్ర వేసి ఊరుకుంటారు.

ఇక్కడ మా వైపు చిక్కూ చెప్పాలి. మే నెలలో బండి డబ్బాలో కుదుపులు తింటూ వచ్చిన రక్తంలో కణాలు పగిలిపోతే, ఎల్‌డీహెచ్ ఉత్తినే పెరిగినట్టు కనబడుతుంది. ప్లేట్‌లెట్లు గొట్టంలో గుంపులు కట్టి మిషన్‌కు తక్కువగా కనిపిస్తాయి. అందుకే మళ్లీ రక్తం అడుగుతాం. కోప్పడకండి.

అపోహ: ప్రీఎక్లాంప్సియాను ముందే పట్టేసే కొత్త పరీక్ష చేయిస్తే నిశ్చింత.

మాయ నుంచి వెలువడే రెండు ప్రోటీన్ల నిష్పత్తిని చూసే పరీక్ష అది. అనుమానం ఉన్న గర్భిణిలో 38 లేదా అంతకు తక్కువ వస్తే, రాబోయే వారంలో ప్రీఎక్లాంప్సియా వచ్చే అవకాశం చాలా తక్కువ. ఒక్క వారానికే ఆ ధైర్యం, నెలలు నిండే దాకా కాదు.

అపోహ: కాన్పుతో జబ్బు పోయింది.

ప్లేట్‌లెట్లు కాన్పయ్యాక మొదటి రెండు రోజుల్లో ఇంకా పడిపోవచ్చు. బీపీ మూడో రోజు నుంచి ఆరో రోజు లోపు మళ్లీ ఎక్కవచ్చు. సరిగ్గా అప్పటికి తల్లి ఇంటికి చేరి ఉంటుంది. తలనొప్పి అంటే ‘చలిగాలి తగిలింది’ అని చెవుల్లో దూది పెడతారు. దూది పెట్టండి, కానీ ఆ తలనొప్పి గానీ, కళ్లు మసకబారడం గానీ ఉంటే ఆమెను పడుకోబెట్టకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి బీపీ చూపించండి. 140/90 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే అక్కడే ఉంచమనండి. రక్తం గొట్టం మా దగ్గరికి ఆ తర్వాత వచ్చినా ఫరవాలేదు.