పందుల పెంటతో వెచ్చబడే ఊరు

కుర్రకారంతా పట్నాలకు వెళ్లిపోతే ధనిక దేశాల పల్లెలు ఏమవుతాయి? అడవి కమ్మేస్తుంది, లేదా డబ్బున్నవాళ్ల సెలవు విడిదులవుతాయి అంటారు. మూడో దారి జర్మనీలో, బెర్లిన్‌కు నైరుతిన ఉన్న ఫెల్డ్‌హైమ్‌ది. ఊళ్లో ఉండేది 130 మంది. ఇంటికి 3,000 యూరోలు వేసుకుని, 2010 నాటికి సొంత కరెంటు తీగలు, వేడినీళ్ల గొట్టాలు వేయించుకున్నారు. కరెంటిచ్చే గాలిమరలను అందరూ ఫొటో తీస్తారు గనక వదిలేద్దాం. నాకు ముద్దొచ్చేది బయోగ్యాస్ తొట్టి.

మన గోబర్ గ్యాసే అది. పందుల పెంట, పేడ, పాతరేసిన మొక్కజొన్న మేత వేసి 40 డిగ్రీల దగ్గర ఉంచుతారు. లోపల రెండు జట్ల సూక్ష్మజీవులు. ఆమ్లం తయారుచేసేవి గంటల్లో రెట్టింపవుతాయి, దాన్ని తిని మీథేన్ ఇచ్చేవాటికి రోజులు పడుతుంది. ఆశపడి మేత ఎక్కువేస్తే తొట్టి ఇడ్లీపిండిలా పులిసిపోతుంది. పీహెచ్ (పులుపు కొలత) చూస్తూ కూర్చుంటే ఆలస్యమే, క్షారం దాన్ని చివరిదాకా నిలబెడుతుంది. ఆమ్లానికీ క్షారానికీ ఉన్న నిష్పత్తి ముందే పెరుగుతుంది. అప్పుడు మేత ఆపాలి, బాగున్న తొట్టిలోంచి నాలుగు ట్యాంకర్ల ద్రవం తెచ్చి పోయాలి.

గ్యాస్ ఇంజన్లోకి పోతుంది. నూరు పాళ్ల ఇంధనంలో 40 కరెంటు, 45 వేడి. మన పాఠ్యపుస్తకాల్లో గోబర్ గ్యాస్ బొమ్మ వంటపొయ్యి దగ్గరే ఆగిపోతుంది, ఈ 45 ఊసే ఉండదు.

ఆ వేడిని నీళ్లలో ఇళ్లకు మోసేది గొట్టం. 40 ఇళ్లు, 3 కిలోమీటర్ల గొట్టం అనుకుందాం. మీటరుకు 15 వాట్ల వేడి నేలపాలైతే మొత్తం 45 కిలోవాట్లు, రాత్రీ పగలూ. చలికాలంలో ఇంటికి 6 చొప్పున 240 వాడుకుంటారు కాబట్టి నొప్పి తెలియదు. వేసవిలో స్నానాలకే అయితే ఇంటికి సగటున 0.4, అంటే మొత్తం 16. వాడుక కన్నా నష్టం దాదాపు మూడింతలు! అందుకే పందులశాల కూడా ఇదే గొట్టం మీద ఉంది. అప్పుడే పుట్టిన పందిపిల్లలకు ఎండాకాలంలోనూ 30 డిగ్రీలు దాటిన వెచ్చదనం కావాలి మరి. గడ్డకట్టే చలిలో ఇంజన్ వేడి చాలకపోతే కట్టెపేళ్ల బాయిలర్ వెలిగిస్తారు.

ఇక తిరుగు నీళ్ల సంగతి. 80 డిగ్రీల్లో వెళ్లి 50లో తిరిగొస్తే లీటరుకు 30 డిగ్రీల వేడి ఇళ్లకు అందినట్టు. గదుల్ని వెచ్చబెట్టే రేడియేటర్ల వాల్వులు సరిగా బిగించక 70లో తిరిగొస్తే అందేది పదే. అంతే వేడికి మూడింతల నీళ్లు తోడాలి, గొట్టంలో ఒత్తిడి నష్టం తొమ్మిదింతలు, పంపు కరెంటు ఇరవై ఏడింతలు. కాబట్టి బిల్లు పెరిగితే బాయిలర్‌ను తిట్టేముందు, ఇంటింటికీ వెళ్లి తిరుగు గొట్టం మీద థర్మామీటరు పెట్టి చూడాలి.