దారికి నాలుగు అరిసెలు

చీపురుపల్లి
మాఘమాసం, ఆదివారం రాత్రి

పిల్లలకు,

పొద్దున మీరంతా పుస్తకాలు సర్దుకుని వెళ్లిపోయాక ఒక్క పిల్ల గుమ్మం దగ్గర ఆగిపోయింది. ముందు వరసలో కూచునే ఏడో తరగతి పిల్ల. పకోడీల కోసం నేను చింపి పెట్టిన పేపరు ముక్క చేతిలో పట్టుకుని చదువుతోంది. అది బడ్జెట్ పేజీ. "మాస్టారూ, మా బడి గోడ పడిపోయి రెండేళ్లయిపోనాది. అడిగితే డబ్బుల్నేవంతన్నారు. మరి భూటానోలకి రెండేల నూటేబై కోట్లు ఏటికిచ్చెస్తన్నారు? అడిగీవోళ్లు నేరేటి?" అంది.

"వచ్చే వారం చెప్తానమ్మా" అని తప్పించుకున్నాను. ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పినవాడికి ఆ మాట నోటికి అలవాటే. కానీ రాత్రి అన్నం దగ్గర కూచున్నా ఆ ప్రశ్న వదల్లేదు. అందులో రెండు ప్రశ్నలున్నాయి. ఎందుకిస్తున్నారు అన్నది ఒకటి, అడిగేవాళ్లు లేరా అన్నది రెండోది. మొదటిదాని మీద పెద్దవాళ్లు టీవీల్లో రోజూ అరుచుకుంటూనే ఉన్నారు. నా మనసు రెండోదాని మీద పడింది.

మా చిన్నప్పుడు ఏటా సంక్రాంతికి రాజాంలో మా మేనత్తగారింటికి సారె వెళ్లేది. ఇప్పట్లా ఆటోలో స్వీటు డబ్బాలు కాదు, కావిడి. వెదురుబద్దకి అటొక బుట్ట, ఇటొక బుట్ట. ఒకదాన్నిండా అరిసెలు, రెండోదాన్నిండా సున్నుండలు. పంపమని హుకుం వేసేది తాత. ఇల్లు ఆయన పేరున ఉంది, ఊళ్లో పరువు ఆయనది. "పిల్ల అత్తారింటికి తక్కువెళ్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అనేవాడు. కానీ కొట్టుగది తాళంచెవి మామ్మ బొడ్లో ఉండేది. తాత పంపమంటే చాలదు, మామ్మ తాళం తియ్యాలి. తీసేముందు ఆవిడ అడిగేది: ఎన్ని పంపాలి? కిందటేడు ఎన్నెళ్లాయి? ఇంట్లో గుంటలకి మిగుల్తాయా? కిందటేడు తీసుకెళ్లిన బుట్టలు తిరిగొచ్చాయా? ఆ ఆఖరి ప్రశ్నకి తాతకి ఎక్కడలేని కోపం వచ్చేది. బుట్టలు ఎప్పుడూ తిరిగి రాలేదు మరి.

మామ్మకి అక్షరం ముక్క రాదు. అరిసెలు పేరుస్తూ ఐదింటికొక గీత చొప్పున కొట్టుగది గోడ మీద బొగ్గుతో గీసేది. బుట్ట మూతికి గుడ్డ కప్పి దబ్బనంతో కుట్టేసేది. ఎన్ని వెళ్తున్నాయో చీటీ మాత్రం నా చేత రాయించేది, ఇంట్లో చదువుకుంటున్నవాణ్ని నేనే కాబట్టి.

నాకు పదేళ్లప్పుడు కావిడి వెంట నన్నూ పంపారు. సగం దారిలో ఒక చెరువుగట్టు మీద ఆగాం. "ఆకలేత్తంది బాబూ" అన్నాడు కావిడి మోసే ఆయన. నాకు అప్పటికే వేస్తోంది. కుట్టు ఒక మూల వదులు చేసి చెరో రెండు లాగాం. అంత తీపి అరిసె మళ్లీ ఈ వయసు దాకా తినలేదు. జేబులో పెన్సిలుంది కదా, 125 అని రాసిన చీటీ చింపేసి 121 అని కొత్తది రాశాను. అత్త లెక్కపెట్టి "121 అందినయ్యి" అని జవాబు పంపింది. చీటీకీ బుట్టకీ సరిపోయింది. తాత చదివి వినిపించి "చూసేవా, అన్నీ ముట్టేయి" అన్నాడు.

మామ్మ ఏమీ మాట్లాడకుండా కొట్టుగదిలోకెళ్లి గోడ చూసి వచ్చింది. "గీతలు పాతికున్నాయి. పాతికైదులు నూటపాతిక. నాలుగేవైపోనాయిరా?"

కొడుతుందనుకున్నాను, కొట్టలేదు. "తిన్నందుక్కాదురా. సీటీ సింపీసినందుకు" అంది అంతే. మరుసటేడు చీటీ పక్కింటాయన చేత రాయించింది. కావిడి కదిలే ముందు ఆకులో చుట్టి నాలుగు అరిసెలు నా చేతికిచ్చి "ఇయి దారికి" అంది. వాటికి కూడా గోడమీద ఒక గీత గీసింది, పొట్టిది.

ఇప్పుడు ఢిల్లీకి వెళ్దాం. తాత అంటే ప్రభుత్వం. మామ్మ అంటే పార్లమెంటు. దేశపు కొట్టుగదికి సంచిత నిధి అని పేరు. పార్లమెంటు ఒప్పుకుంటేగాని అందులోంచి రూపాయి బయటికి రాదు. ఏ శాఖకి ఎంత కావాలో అడిగే చిట్టాని పద్దు అంటారు. 2025-26లో దేశం మొత్తం బడ్జెట్ సుమారు 50.65 లక్షల కోట్లు. విదేశాంగ శాఖకి 20,516 కోట్లు. అందులో వేరే దేశాలకి చేసే సాయం 5,483 కోట్లు. అందరికంటే ఎక్కువ భూటాన్‌కి 2,150, నేపాల్‌కి 700, మాల్దీవులకి 600. లెక్క మీరే చెయ్యండి, దేశం మొత్తం బడ్జెట్‌లో వెయ్యి రూపాయలకి ఒక రూపాయీ కొంచెం చిల్లరా వస్తుంది. రూపాయే కదా అని నేననను. మామ్మ నాలుగు అరిసెల కోసం గోడ చూసింది.

బడ్జెట్ పెట్టాక మధ్యలో కొన్ని వారాలు సభలకి విరామం ఇస్తారు. టీవీలో ఏమీ కనపడదు, మనం సెలవులనుకుంటాం. అసలు పని ఎక్కువగా అప్పుడే జరుగుతుంది. శాఖల మీద కన్నేసి ఉంచే స్థాయీ సంఘాలు, అంటే ఎంపీల కమిటీలు, 24 ఉన్నాయి. 1993లో మొదలైనప్పుడు 17 ఉండేవి. ఒక్కోదాన్లో 31 మంది, లోక్‌సభ వాళ్లు 21, రాజ్యసభ వాళ్లు 10. అన్ని పార్టీల వాళ్లూ ఉంటారు, మంత్రులు మాత్రం ఉండకూడదు. ఎందుకో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది, చీటీ రాసేవాడూ అరిసెలు మోసేవాడూ ఒకడే అయితే ఏమవుతుందో చెప్పాను కదా. విదేశీ వ్యవహారాల కమిటీ తలుపులేసుకుని కూచుని ఆ శాఖ అధికారుల్ని పిలుస్తుంది. కిందటేడు ఇంత అడిగారు, ఎంత ఖర్చయింది? మిగిలితే ఎందుకు మిగిలింది? మళ్లీ అంతే ఎందుకడుగుతున్నారు? పని ఎందుకు ఆలస్యమైంది? మామ్మ ప్రశ్నలే, కోటు తొడుక్కొచ్చాయి.

పనుల ఆలస్యం సంగతి వస్తే భూటాన్‌లో పునత్సాంగ్‌ఛు అని ఒక నది ఉంది. దాని మీద 1,200 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం మన డబ్బుతో మొదలైంది. 2013లో ఆనకట్ట కట్టే చోట కుడివైపు కొండ జారడం మొదలెట్టింది. కొండకి బడ్జెట్ తెలియదు కదా. ఏళ్లు గడిచాయి, ఖర్చు పెరిగింది, కమిటీ అడుగుతూనే ఉంది. అన్నీ ఇలాగే అయ్యాయనుకోకండి. అదే దేశంలో చుఖా అని 336 మెగావాట్ల కేంద్రం 1980లలో లేచింది. ఖర్చులో నూటికి 60 వంతులు మనం ఊరికే ఇచ్చాం, 40 అప్పుగా ఇచ్చాం. ఆ కరెంటు మనమే కొనుక్కుంటున్నాం. ఆ బుట్టలు తిరిగొచ్చాయి.

ఇస్తూ ఉండగా అడిగేది ఆ కమిటీ. ఇచ్చేశాక గోడ మీద గీతలు చూసేది కాగ్. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ అని పెద్ద పేరు, ప్రభుత్వం ఖర్చుల లెక్కలు తనిఖీ చేసే అధికారి. ఆయన ఏ మంత్రి కిందా పనిచెయ్యడు. సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తియ్యడం ఎంత కష్టమో ఆయన్ని తియ్యడం అంత కష్టం. ఆయన రాసింది పార్లమెంటులో ప్రజాపద్దుల సంఘం అనే ఇంకో కమిటీకి వెళ్తుంది. అందులో 22 మంది, వాళ్లకి పెద్దగా 1967 నుంచి ప్రతిపక్షం మనిషిని కూచోబెట్టడం ఆనవాయితీ. మామ్మ రెండో ఏడు చీటీ పక్కింటాయన చేత ఎందుకు రాయించిందో...

"మళ్లీ అరిసెలేనా మాస్టారూ" అంటారని తెలుసు. సరే, నా పోలిక ఎక్కడ చిరుగుతుందో కూడా చెప్పేస్తాను. మామ్మ కాదంటే తాళం తెరుచుకునేది కాదు. కమిటీ అలా కాదు, సలహా చెప్తుంది, ప్రభుత్వం వినక్కర్లేదు. కాకపోతే ఎందుకు వినలేదో మూడు నెలల్లో రాసివ్వాలి. ఇక సభలో అన్ని పద్దుల మీదా చర్చ జరుగుతుందా అంటే, లేదు. పెళ్లిలో ఆఖరి బంతికి పొద్దుపోయిందని మిగిలిన కూరలన్నీ ఒకేసారి విస్తట్లో గుమ్మరించినట్టు, గడువు రోజున మిగిలిన పద్దులన్నీ చర్చ లేకుండా ఒక్క ఓటుతో పాస్ చేస్తారు. దానికి గిలెటిన్ అని పేరు, తలలు నరికే యంత్రం పేరు. ఆ పని నాకు నచ్చదు. తలుపులేసుకుని అడిగింది ఎంత గట్టిగా అడిగినా, ఊరందరి ముందూ అడిగినట్టు అవదు.

అడిగితే ఏమవుతుంది అంటారా? బ్రిటన్ వాళ్ల కథ ఒకటుంది. 1991లో వాళ్లు మలేషియాలో పెర్గావు అనే జలవిద్యుత్ కేంద్రానికి 23.4 కోట్ల పౌండ్ల సాయం ఇవ్వడానికి ఒప్పుకున్నారు. సాయాల శాఖ పెద్దాఫీసరు టిమ్ లాంకెస్టర్ ఇది దండగ ఖర్చని కాగితం మీద రాసిపెట్టాడు. అయినా ఇవ్వమని మంత్రి డగ్లస్ హర్డ్ రాతలోనే ఆదేశించాడు. 1993లో వాళ్ల ఆడిట్ ఆఫీసు నివేదిక ఇచ్చింది, పార్లమెంటు కమిటీలు ఒక్కొక్కర్నీ పిలిచి అడిగాయి. సాయం మాటకి ముందు ఆయుధాల అమ్మకం మాట నడిచిందని బయటపడింది. 1994 నవంబరులో లండన్ హైకోర్టు ఆ సాయం చట్టానికి విరుద్ధం అంది. ఆ ఆఫీసరు రాసిన కాగితమే వాళ్ల బొగ్గు గీత.

తమాషా ఏంటంటే అదే రోజుల్లో అదే బ్రిటన్ సాయం మన బళ్లలోకీ వచ్చింది. ఏపీపీఈపీ అనే ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం కింద మాకు ట్రైనింగులిచ్చారు, కొన్ని ఊళ్లలో గదులు కట్టారు. తర్వాత 1996 ప్రాంతంలో డీపీఈపీ అనే జిల్లా ప్రాథమిక విద్యా పథకం మొదలైతే వాళ్ల సాయంతో నడిచిన మొదటి ఐదు జిల్లాల్లో మన విజయనగరం ఒకటి. పిల్లలు చేసిన పని తరగతిలో వేలాడదీయాలి అన్నది ఏపీపీఈపీ ఆరు సూత్రాల్లో ఒకటి. నేనప్పుడు పనిచేసిన బడిలో ఏం చేశామంటే, ఇచ్చిన చార్టులూ రంగు కాగితాలూ పాడైపోతాయని బీరువాలో పెట్టి తాళం వేశాం. ఒక రోజు తనిఖీకి తెల్లాయన ఒకాయన వస్తున్నాడని కబురొచ్చింది. గబగబా తాడు కట్టి అన్నీ వేలాడదీశాం.

ఆయన వచ్చి ఒక చార్టు అంచు వేళ్లతో పట్టుకుని చూశాడు. మడత లేదు, మరక లేదు, పిల్లల వేలిముద్ర ఒక్కటి లేదు. దుబాసీ చేత రెండో తరగతి గుంటణ్ని అడిగించాడు, "వీటితో ఏం నేర్చుకున్నావు బాబూ?" అని. వాడు నాకేసి చూసి, తాడుకేసి చూసి, "ఇయ్యి ఇయేల పొద్దునే ఏలాడగట్టినారండి" అన్నాడు. దుబాసీ ఒక్క నిమిషం నీళ్లు నమిలి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. తెల్లాయన నవ్వలేదు, తిట్టలేదు, పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. ఎక్కడో లండన్‌లో ఎవరో ఆయన్ని అడుగుతారని, అందుకే రాసుకుంటున్నాడని నాకప్పుడు తట్టలేదు. పరువు పోయిందని వారం రోజులు వాణ్ని చూస్తే ఒళ్లు మండింది. ఆ మండటం తల్చుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. మర్నాటి నుంచి బీరువాకి తాళం వెయ్యడం మానేశాను. నెల తిరిగేసరికి చార్టులు చీకిపోయాయి. చీకిపోవడానికే కదా ఇచ్చారు.

ఎందుకిస్తున్నారు అన్న మొదటి ప్రశ్నకి జవాబు చెప్పలేదని ఆ పిల్ల పట్టుకుంటుంది. నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక్కటి మాత్రం చూడండి. 2013 డిసెంబరు 31న మన దక్షిణాది కరెంటు తీగల్ని మిగతా దేశం తీగలతో కలిపారు. అప్పట్నుంచి దేశమంతా ఒకే వల. భూటాన్ కొండల మీద కరిగిన మంచు యంత్రాన్ని తిప్పి ఆ వలలోనే పడుతోంది. ఇది రాస్తున్న బల్బులో ఆ మంచు ఎంతుందో ఏ ఇంజనీరూ వేరుచేసి చూపలేడు. కాసేపు దానికేసే చూస్తూ కూచున్నాను, చపాతీలు చల్లారిపోయాయని లోపల్నుంచి కేకేసేదాకా.

సెల్లున్నవాళ్లు పార్లమెంటు వెబ్‌సైటులో విదేశీ వ్యవహారాల కమిటీ నివేదికలు వెతకండి. కమిటీ సలహాల మీద ప్రభుత్వం ఏం చేసిందో చెప్పే నివేదికలు వేరే ఉంటాయి, అవి తియ్యండి. ప్రభుత్వం ఒప్పుకున్నవి ఒక చోట, జవాబు విని కమిటీ వదిలేసినవి ఒక చోట, జవాబు నచ్చక కమిటీ మళ్లీ పట్టుకున్నవి ఒక చోట, జవాబు ఇంకా రానివి ఒక చోట ఉంటాయి. కమిటీ మళ్లీ పట్టుకున్నవి చదవండి, రుచిగా ఉంటాయి. ఇంగ్లీషు అడ్డొస్తే ఆ మాట కింద గీత పెట్టుకురండి.

గోడ సంగతి మర్చిపోలేదు. వచ్చే ఆదివారం తొమ్మిదింటికి బడి దగ్గరకి వస్తాను. ఆ ఏడో తరగతి పిల్ల తెల్లకాగితం, పెన్నూ తెచ్చుకోవాలి. వడ్రంగం చేసేవాళ్లింటి పిల్లలెవరైనా కొలత టేపు పట్టుకురండి. పడిన గోడ ఎన్ని అడుగులో, ఎన్ని ఇటుకలు మిగిలాయో ముందు లెక్క రాద్దాం.

మీ మాస్టారు