పాత ల్యాప్‌టాప్‌కు ఏ ఎస్ఎస్‌డీ నప్పుతుంది?

మా మేనకోడలు తన పాత ల్యాప్‌టాప్‌ను తెచ్చి విశాఖ అక్కయ్యపాలెంలోని మా ఇంటి భోజనాల బల్ల మీద పెట్టి ఆన్ చేసింది. తెర మీద బొమ్మలన్నీ కుదురుకోవడానికి మూడు నిమిషాలకు పైగా పట్టింది. అంతసేపూ ఎడమ అరచేయి ఆనే చోటు కింద సన్నని గరగర వినిపిస్తూనే ఉంది. “మావయ్యా, దీన్ని తీసేసి కొత్తది కొనుక్కోమంటావా?” అని అడిగింది. 2013లో కొన్న ఆ యంత్రంలోని ప్రాసెసర్ రిపోర్టులు రాసుకోవడానికి, పాఠాల వీడియోలు చూడడానికి ఇప్పటికీ చాలు. జాప్యమంతా ఆ గరగర పుడుతున్న హార్డ్ డిస్కులోనే ఉంది. దాని స్థానంలో ఎస్ఎస్‌డీ, అంటే సమాచారాన్ని చిప్‌లలో దాచే డ్రైవు, వేస్తే చాలు.

ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కులోని పళ్ళెం సాధారణంగా నిమిషానికి 5,400 సార్లు, అంటే సెకనుకు 90 సార్లు తిరుగుతుంది. కాబట్టి ఒక్క చుట్టుకు 11 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన సమాచారం ఉన్న చోటు, దాన్ని చదివే మొన అయిన హెడ్ కిందికి రావడానికి సగటున అరచుట్టు ఆగాలి, అంతకంటే ముందు హెడ్ సరైన వరుస మీదికి జరగడానికి మరో 12 మిల్లీసెకన్ల వరకు పడుతుంది. ఈ లెక్కన చెల్లాచెదురుగా ఉన్న చిన్న ముక్కలను సెకనుకు 60 సార్లకు మించి అందుకోవడం కష్టం. విండోస్ మొదలయ్యేటప్పుడు అడిగేవి సరిగ్గా అలాంటి చిన్న ముక్కలే, అదీ వేల సంఖ్యలో. కదిలే భాగమే లేని ఎస్ఎస్‌డీ అదే ముక్కను మిల్లీసెకనులో పదో వంతులో, ఒక్కోసారి ఇంకా త్వరగా ఇచ్చేస్తుంది. పాత యంత్రానికి ప్రాణం పోసేది ఈ తేడాయే; పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసే ‘సెకనుకు 3,500 మెగాబైట్లు’ అన్న అంకెకు ఇందులో పెద్దగా పాత్ర లేదు.

అందుకే ద్వారకానగర్‌లోని కంప్యూటర్ దుకాణానికి బయలుదేరే ముందు ల్యాప్‌టాప్ అడుగు మూత విప్పి చూడడం మంచిది. మేము విప్పిన దాంట్లో రెండున్నర అంగుళాల సాటా (డిస్కును కంప్యూటర్‌కు కలిపే ఒక పద్ధతి) డిస్కు, నాలుగు మరలతో బిగించిన రేకు చట్రంలో కూర్చుని ఉంది. పాత డిస్కు మందం 9.5 మిల్లీమీటర్లు, కొత్త ఎస్ఎస్‌డీ మందం 7 మిల్లీమీటర్లే కాబట్టి, కొన్ని యంత్రాల్లో అది కదలకుండా పలుచని ప్లాస్టిక్ చట్రం జతచేయవలసి వస్తుంది. సాటా మూడో తరం దారి సెకనుకు 6 గిగాబిట్లను మోస్తుంది. ఒక్కో బైటుకు 10 బిట్లు ఖర్చవుతాయి కనుక 600 మెగాబైట్లే దాని హద్దు. ఇంకా పాత యంత్రాల్లో అందులో సగమే ఉన్నా, వెతికే సమయం తగ్గడం వల్ల వచ్చే లాభం దాదాపు అంతే ఉంటుంది. పుల్లలాంటి సన్నని ఎస్ఎస్‌డీని గుచ్చే ఎం.2 స్లాట్ ఉన్నవారు మాత్రం మరింత జాగ్రత్త పడాలి. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవుతో చూడ్డానికి ఒకేలా ఉండే పుల్లల్లో సాటావి వేరు, అంతకంటే వేగవంతమైన ఎన్‌వీఎంఈ పద్ధతివి వేరు. సాటా మాత్రమే తెలిసిన స్లాట్‌లో ఎన్‌వీఎంఈ డ్రైవు పనిచేయదు.

ఇక లోపల ఏముందో చూడాలి. జపాన్‌లోని తోషిబా సంస్థలో ఫుజియో మసుఓకా 1980లలో రూపొందించిన ఫ్లాష్ మెమరీయే నేటి ఎస్ఎస్‌డీలకు మూలం. ప్రతి కణంలోనూ కొంత విద్యుదావేశాన్ని బంధించి, దాని స్థాయిని బట్టి సమాచారాన్ని చదువుతారు. కణానికి మూడు బిట్లు దాచే టీఎల్‌సీ ఎనిమిది స్థాయిలను గుర్తుపట్టాలి, నాలుగు బిట్లు దాచే క్యూఎల్‌సీ పదహారింటిని గుర్తుపట్టాలి. స్థాయుల మధ్య ఎడం తగ్గేకొద్దీ రాయడం నెమ్మదిస్తుంది, కణం త్వరగా అరుగుతుంది. ఈ నెమ్మదితనం పైకి కనపడకుండా డ్రైవు కొంత చోటును వేగంగా రాసే తాత్కాలిక నిల్వగా వాడుకుంటుంది. అది నిండాక చవక క్యూఎల్‌సీ డ్రైవు రాసే వేగం హార్డ్ డిస్కు స్థాయికి, ఒక్కోసారి అంతకంటే కిందికి కూడా పడిపోతుంది. ఏ సమాచారం ఏ కణంలో ఉందో చెప్పే పట్టికను ఉంచుకోవడానికి మంచి డ్రైవుల్లో విడిగా డీర్యామ్ అనే వేగవంతమైన మెమరీ చిప్ ఉంటుంది. అది లేని ఎన్‌వీఎంఈ డ్రైవులు కంప్యూటర్ ర్యామ్‌లో కొంత అరువు తెచ్చుకోగలవు, సాటా డ్రైవులకు ఆ వెసులుబాటు లేదు. కాబట్టి సాటా కొనేవారు టీఎల్‌సీ, డీర్యామ్ రెండూ ఉన్నదాన్నే ఎంచుకోవాలని నా గట్టి అభిప్రాయం.

అరుగుదల గురించి భయం అక్కర్లేదు. 180 టెరాబైట్లు రాయవచ్చని హామీ ఉన్న 500 గిగాబైట్ల డ్రైవు మీద రోజుకు 20 గిగాబైట్లు రాసినా, ఆ హద్దు చేరడానికి 24 ఏళ్ళు దాటుతుంది. ర్యామ్ 4 గిగాబైట్లే ఉంటే దాన్ని 8కి పెంచడం కూడా అవసరమే. ఎస్ఎస్‌డీ వేసినంత మాత్రాన పాత ప్రాసెసర్ విండోస్ 11కు అర్హత పొందదని, విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందని కూడా లెక్కలో పెట్టుకోవాలి. మేము విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించాము.

మన ఊళ్ళో కరెంటు పోవడం కూడా ఆలోచించవలసిన విషయమే. బ్యాటరీ చచ్చిపోయిన ల్యాప్‌టాప్‌ను నేరుగా ప్లగ్గు మీదే నడిపేవారు చాలామంది ఉన్నారు. రాస్తుండగా కరెంటు పోతే ఫైలు సగంలో ఆగిపోవచ్చు, అరుదుగా ఆ చిరునామాల పట్టికే చెడి డ్రైవు మొత్తం కనపడకుండా పోవచ్చు. బ్యాటరీ కూడా మార్చుకుంటే ఈ ప్రమాదం తప్పుతుంది. కణాల్లోని ఆవేశం వేడికి త్వరగా కారిపోతుంది. పూర్తిగా అరిగిన మామూలు డ్రైవు కరెంటు లేకుండా 30 డిగ్రీల వద్ద ఏడాదిపాటు సమాచారాన్ని నిలుపుకోవాలని, మెమరీ చిప్‌లకు ప్రమాణాలు రూపొందించే జెడెక్ సంస్థ ప్రమాణం చెబుతుంది. విశాఖ వేసవిలో మూసిన బీరువా అంతకంటే వేడిగానే ఉంటుంది కనుక, ఏళ్ళ తరబడి దాచవలసిన వాటికి ఎస్ఎస్‌డీని నమ్ముకోకూడదు. పైగా హార్డ్ డిస్కులా ముందుగా చప్పుడు చేసి హెచ్చరించే గుణం దానికి లేదు.

కొత్త డ్రైవు బిగించాక ఆ యంత్రం ఇరవై సెకన్లలోపే సిద్ధమైంది. తీసేసిన పాత డిస్కును యూఎస్‌బీ కేసులో పెట్టి మేనకోడలి చేతికిచ్చాను. ప్రతి ఆదివారం తన ప్రాజెక్టు రిపోర్టు ప్రతిని అందులోకి ఎక్కిస్తోంది.