పుటింగ్ గ్రీన్ కింద రేగడి నేల

ఏప్రిల్‌లో మా పెరట్లో పుటింగ్ గ్రీన్, అంటే గోల్ఫ్ బంతిని మెల్లగా దొర్లించి చిన్న గుంటలో (కప్పులో) వేసే నున్నటి చోటు, వేయించినప్పుడు తిన్నగా కప్పులోకి వెళ్ళిన బంతి, ఆగస్టు వచ్చేసరికి అదే చోటు నుంచి కొడితే జానెడు ఎడమకు పోవడం మొదలుపెట్టింది. పైన వేసిన ప్లాస్టిక్ గడ్డి అలాగే ఉంది. చాక్‌పీసు ముక్కంత మందం లెవెల్ తేడా వచ్చింది, అంతే. ఒక మూల టర్ఫ్ ఎత్తి చూస్తే కంకర రెండు అంగుళాలు కూడా లేదు, దాని కింద నల్లమట్టి వేలు పట్టేంత నెర్రెలు బారి ఉంది. అప్పుడు అర్థమైంది, వేసినవాళ్ళు గడ్డి బాగానే వేశారు, నేల సంగతి పట్టించుకోలేదు.

మేముండేది టెక్సాస్‌లో, డల్లాస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో. గోల్ఫ్ శిక్షకుల సంఘం పీజీఏ ఆఫ్ అమెరికా 2022లో తన ప్రధాన కార్యాలయాన్ని ఇక్కడికే తెచ్చుకుంది, మనవాళ్ళూ ఇక్కడ బాగా ఎక్కువ, కాబట్టి పెరట్లో పుటింగ్ గ్రీన్ వేయించాలనుకునే తెలుగు ఇళ్ళు కూడా కనిపిస్తూనే ఉంటాయి. కానీ ఈ ప్రాంతానికి ఇంకో పేరు ఉంది, బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ. ఆ నలుపు మనకు కొత్త కాదు. కర్నూలులోనో ఆదిలాబాద్‌లోనో పత్తి చేల మధ్య పెరిగినవాళ్ళు చూడగానే గుర్తుపట్టే రేగడి ఇది, శాస్త్రవేత్తలు రెండింటినీ వర్టిసాల్స్ అనే ఒకే వర్గంలో పెడతారు. ఇందులోని బంకమట్టి రేణువులు పలచని పొరలుగా, కాగితాల దొంతరలా ఉంటాయి, తడిస్తే ఆ పొరల మధ్యకే నీళ్ళు దూరి వాటిని ఎడంగా జరుపుతాయి, నేల ఉబ్బుతుంది. ఎండితే నీళ్ళు పోయి పొరలు మళ్ళీ దగ్గరవుతాయి, నేల కుంగి నెర్రెలిస్తుంది. అందుకే ఇక్కడ చాలామంది ఎండాకాలంలో ఇంటి పునాది చుట్టూ సన్నగా నీళ్ళు కారే గొట్టాలు పరిచి పెడతారు. పునాదినే కదిలించే నేల పలచటి కంకర పొరను వదిలేస్తుందా!

అసలు అంత చిన్న తేడా బంతికి ఎందుకు తెలుస్తుందో చూద్దాం. 1935లో ఓక్‌మాంట్‌లో యూఎస్ ఓపెన్ గోల్ఫ్ పోటీ చూసిన ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే గోల్ఫర్, ఆ గ్రీన్లు మరీ జారుడుగా ఉన్నాయని అనిపించి, దాన్ని కొలవడానికి ఒక చెక్క పట్టీ తయారుచేశాడు. 1978 నుంచి దాని అల్యూమినియం రూపాన్ని అమెరికా గోల్ఫ్ సంఘం యూఎస్‌జీఏ గోల్ఫ్ కోర్సులకు ఇస్తోంది, పేరు స్టింప్‌మీటర్. మూడడుగుల గాడి, అందులో ఒక గంటు. గంటులో బంతి పెట్టి పట్టీని మెల్లగా ఎత్తితే, సుమారు 20 డిగ్రీల దగ్గర బంతి దానంతటదే జారి సెకనుకు దాదాపు 1.8 మీటర్ల వేగంతో గ్రీన్ మీదికి దిగుతుంది. ఎన్ని అడుగులు దొర్లి ఆగిందో అదే గ్రీన్ వేగం. ఇంటి గ్రీన్‌కి 9, 10 హాయిగా ఉంటుంది.

ఇప్పుడు వేగం 10 ఉన్న గ్రీన్ తీసుకోండి. బంతిని ఆపుతున్న శక్తి చాలా తక్కువ, దాని వేగం సెకనుకు అర మీటరు చొప్పున మాత్రమే తగ్గుతోంది. మీటరుకు రెండు సెంటీమీటర్ల వాలు చేర్చి నేను లెక్క వేశాను: సమంగా ఉంటే పదడుగులు పోయే బంతి పల్లానికి 13 అడుగులు దాటుతుంది, ఎత్తుకి కొడితే 8 దగ్గర ఆగిపోతుంది. కంటికి ఆనని వాలుకే ఇంత! నున్నటి గ్రీన్ అంటే నేల లోపాలన్నీ బయటపెట్టే గ్రీన్ అన్నమాట, అందుకే ఖర్చు గడ్డి మీద కంటే కింద పెట్టమని అడిగినవాళ్ళందరికీ చెప్తున్నాను.

రెండోసారి మేము ఆరంగుళాలు తవ్వించాం. మట్టి మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ, అది లేకపోతే కంకర మెల్లగా బంకమట్టిలోకి దిగిపోతుంది. దాని మీద సున్నపురాయి కంకర, పొడితో కలిపి. గుండ్రటి ఏటి గులకరాళ్ళు పనికిరావు, అవి ఒకదాని మీద ఒకటి దొర్లుతాయి, పగలగొట్టిన రాయైతే కోణాలు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని బిగుస్తాయి. ఒకేసారి పోయకుండా రెండేసి అంగుళాలు పోసి, తడిపి, ప్లేట్ కాంపాక్టర్‌తో దిమ్మిస కొట్టినట్టు కొట్టాలి. ఎండు కంకర ఎంత కొట్టినా సరిగ్గా సర్దుకోదు, నీళ్ళు ఎక్కువైతే రాళ్ళ మధ్య చేరి అడ్డుపడతాయి, సరిపడా తడి ఎంత అన్నది 1933లో ప్రాక్టర్ అనే ఇంజినీరు పరీక్షగా పెట్టాడు. సివిల్ చదివినవాళ్ళకి ఆ ల్యాబ్ గుర్తుండే ఉంటుంది. వాలు ఇంటి వైపు కాక బయటికి, ఆ చివర రంధ్రాల పైపు. తడిసి ఉబ్బిన రేగడి నీళ్ళను త్వరగా కిందికి ఇంకనివ్వదు, వాన నీటికి దారి మనమే చూపించాలి.

గడ్డి పని దాని తర్వాత త్వరగానే అయిపోతుంది. ముక్కలు అతికేటప్పుడు పోచలన్నీ ఒకే వైపు వాలేలా చూసుకోండి, లేకపోతే అతుకు దాటగానే బంతి నడక మారుతుంది. తర్వాత సన్నటి సిలికా ఇసుక చల్లి బ్రష్ చేయాలి, అది పోచల మధ్య దిగి వాటిని నిలబెడుతుంది, టర్ఫ్‌కి బరువూ ఇస్తుంది.

ఇక వేడి. ఇది చాలామంది చెప్పరు, చెప్పాలి. బతికున్న గడ్డి ఆకుల నుంచి నీటిని ఆవిరి చేస్తూ చల్లబడుతుంది, ఒక లీటరు ఆవిరయ్యేటప్పుడు సుమారు 24 లక్షల జౌళ్ళ వేడిని పట్టుకుపోతుంది. ప్లాస్టిక్‌కి ఆ సదుపాయం లేదు. మా ఊరి ఎండకి దాని ఉపరితలం 65 డిగ్రీలు దాటుతుంది, పిల్లల్ని చెప్పుల్లేకుండా మధ్యాహ్నం పంపకండి. నీళ్ళు చల్లితే కాసేపు తగ్గి మళ్ళీ మొదటికి వస్తుంది. ఇంకో చిత్రం, మన కిటికీలే దీన్ని కరిగించగలవు. వేడిని వెనక్కి తిప్పికొట్టే పూత వేసిన రెండు పొరల అద్దం, లోపలి గాలి పీడనం తగ్గినప్పుడు కొద్దిగా లోపలికి వంగి పుటాకార దర్పణంలా పనిచేసి ఎండను ఒక గీతగా గడ్డి మీదికి పంపిస్తుంది. పుటింగ్ భాగానికి తరచూ వాడే నైలాన్ 200 డిగ్రీలు దాటితే గానీ కరగదు, కానీ అంచున వేసే పొడుగు గడ్డి ఎక్కువగా పాలీఇథిలీన్, అది దాదాపు 120కే లొంగుతుంది. కిటికీకి బయట వైపు దోమల జాలీ బిగిస్తే చాలు, ఆ వెలుగు చెదిరిపోతుంది.

ఈ ప్లాస్టిక్ గడ్డి పేరు పొందింది కూడా ఈ టెక్సాస్‌లోనే. 1965లో హ్యూస్టన్‌లో ఆస్ట్రోడోమ్ అనే పైకప్పున్న బేస్‌బాల్ స్టేడియం తెరిచినప్పుడు లోపల అసలు గడ్డే ఉండేది. పైకప్పుకు వేసిన పారదర్శక ప్లాస్టిక్ పలకల మెరుపులో బంతి కనిపించడం లేదని ఆటగాళ్ళు గోల పెడితే పలకలకు రంగు వేశారు, వెలుతురు లేక గడ్డి చచ్చిపోయింది, 1966లో ప్లాస్టిక్‌ది పరిచారు. ఆస్ట్రోటర్ఫ్ అన్న పేరు అక్కడిదే.

మాది వేసి రెండో ఎండాకాలం ఇది. నెలకోసారి పట్టీ పెట్టి అటూ ఇటూ బంతి వదిలి, రెండు దూరాలూ గోడ మీద పెన్సిల్‌తో రాసుకుంటున్నాను. జూన్‌లో అటు 10, ఇటు తొమ్మిదిన్నర. ఆగస్టులోనూ అవే అంకెలు.